కౌబాయ్ చిత్రకారుడు ఛార్లెస్ ఎం. రస్సెల్ - తరచుగా అడిగే ప్రశ్నలు

కౌబాయ్ అనగానే మనకు టోపీ, తుపాకీ, దుమ్ము రేపుకుంటూ వచ్చే గుర్రం గుర్తొస్తాయి. 1971లో కృష్ణ గారు ఆ వేషం కట్టిన దగ్గర్నుంచి తెలుగువాళ్లకు కౌబాయ్ కొత్తవాడేమీ కాదు. కానీ అసలు కౌబాయ్‌లు నెల జీతానికి పరాయివాళ్ల పశువులు కాసిన కుర్రాళ్లు. వాళ్లలో ఒకరు ఆ పని పదకొండేళ్లు చేసి, అక్కడ చూసినదాన్నే చనిపోయేదాకా బొమ్మలుగా వేశారు. ఆయనే ఛార్లెస్ మేరియన్ రస్సెల్. ఊళ్లోవాళ్లకు చార్లీ. ఆయన బొమ్మలు చూపించినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

క్లుప్తంగా, రస్సెల్ ఎవరు?

1864 మార్చి 19న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్‌లో పుట్టారు. 1926 అక్టోబర్ 24న మోంటానా రాష్ట్రంలోని గ్రేట్ ఫాల్స్‌లో చనిపోయారు. ఆయిల్ పెయింటింగులు, వాటర్‌కలర్లు, పెన్ను గీతలు, మైనపు బొమ్మలు, కంచు శిల్పాలు అన్నీ కలిపి దాదాపు 4,000 దాకా చేశారని లెక్క. వాటిలో ఎక్కువ భాగం మోంటానా మైదానాల జీవితమే: పశువుల మందలు, గుర్రాలు, ఆదివాసులు, అడవి దున్నలు, తోడేళ్లు.

పల్లెటూళ్లో పేదింట పుట్టి పైకొచ్చారా?

కాదు. బాగా కలిగిన కుటుంబం. బొగ్గు గనులు, కొలిమి ఇటుకల వ్యాపారం ఉండేవి. నాయనమ్మ వైపు బెంట్ సోదరులు పడమటి మైదానాల్లో బొచ్చు తోళ్ల వ్యాపారం చేసి పేరు మోసినవాళ్లు. ఆ తాతల కథలు వింటూ పెరిగిన పిల్లాడికి చదువు తలకెక్కలేదు. నోటుపుస్తకాల్లో పాఠాల బదులు గుర్రాలు ఉండేవి. దారిలో పెట్టాలని ఇంట్లోవాళ్లు న్యూజెర్సీలోని ఒక మిలటరీ స్కూల్లో చేర్పించారు. అక్కడా అంతే.

చివరికి 1880లో, పదహారో పుట్టినరోజు ఇంకా రాకముందే, తెలిసినవాళ్ల వెంట మోంటానాకు పంపారు. అప్పటికి మోంటానా రాష్ట్రం కూడా కాలేదు. కష్టం తెలిస్తే వాడే తిరిగొస్తాడని పెద్దవాళ్ల ఆశ. చార్లీ చుట్టపుచూపుగా తప్ప మళ్లీ ఇంటికి వెళ్లలేదు.

మోంటానాలో ఏం పని చేశారు? కౌబాయ్‌గా మంచి పేరు ఉండేదా?

మొదట జుడిత్ బేసిన్‌లో గొర్రెలు కాశాడు. మంద చెల్లాచెదురైపోయేది, ఆ పని నిలబడలేదు. తర్వాత జేక్ హూవర్ అనే వేటగాడు చేరదీశాడు. హూవర్ జింకలు, ఎలుగులు కొట్టి మాంసం, తోళ్లు అమ్ముకునేవాడు. అతనితో కొండల్లో దాదాపు రెండేళ్లు గడిచాయి. వేటాడిన జంతువు చర్మం ఒలిచేటప్పుడు కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చార్లీ కళ్లారా చూశాడు. ఏ ఆర్ట్ స్కూల్లోనూ అంత దగ్గరగా జంతు శరీరాన్ని నేర్పరు.

1882 నుంచి పశువుల మందల్లో జీతానికి కుదిరాడు. తాడు విసరడంలో, గుర్రాన్ని లొంగదీయడంలో తనకు గొప్ప పనితనం లేదని ఆయనే చెప్పుకున్నారు. ఆయనకు దొరికింది రాత్రి కాపలా.

ఈ పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో రస్సెల్‌ని చిత్రకారుణ్ణి చేసింది ఇదే. వసంతంలోనూ శరదృతువులోనూ చుట్టుపక్కల రాంచ్‌లవాళ్లంతా (రాంచ్ అంటే పెద్ద పశువుల క్షేత్రం) కలిసి, కంచెలు లేని మైదానంలో తిరిగే పశువుల్ని ఒకచోటికి తోలేవారు. దూడలకు వాతలు పెట్టి ఎవరివి వారు గుర్తుపెట్టుకునేవారు. దీన్నే రౌండప్ అంటారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పరుగే కాబట్టి ఒక్కో కౌబాయ్‌కి ఒక గుర్రం సరిపోదు, మార్చి మార్చి ఎక్కడానికి చాలా గుర్రాలుండాలి. ఆ గుర్రాలన్నిటినీ రాత్రి మేతకు వదిలి, చీకట్లో తప్పిపోకుండా, బెదిరి పారిపోకుండా కాసి, తెల్లారేసరికి వంటబండి దగ్గరికి తోలుకురావాలి. అందరూ నిద్రపోతుంటే ఒక్కడే మేలుకోవాలి. వాన పడినా మంచు కురిసినా అంతే. ఎవరికీ ఇష్టంలేని పని.

రస్సెల్‌కి మాత్రం అది కలిసొచ్చింది. రాత్రి కాసినవాడికి పగలు ఖాళీ. కొంచెం కునుకు తీసి, మిగతావాళ్లు తాళ్లు విసురుతుంటే, వాతలు పెడుతుంటే, గుర్రం మీంచి కిందపడుతుంటే పక్కన కూర్చుని చూడొచ్చు, గీయొచ్చు. బొమ్మలు వేయడానికి పగటి వెలుతురు, ఎదురుగా కదిలే మనుషులు, జీతం మూడూ ఒకేచోట దొరికాయి. పదకొండేళ్లు, 1893 దాకా, అదే సాగింది.

చిత్రకళ ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

పద్ధతిగా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదట్లో వేసిన బొమ్మల్లో ఆ లోటు కనిపిస్తుంది. మనుషులు బిగుసుకుపోయి ఉంటారు, రంగులు మట్టికొట్టుకుపోయినట్టు ఉంటాయి, దూరం దగ్గర తేడా సరిగ్గా కుదరదు. అయితే ఏ పట్టీ ఎక్కడ కట్టాలో, జీను ఎలా కూర్చోవాలో, తాడు చుట్ట ఏ చేతిలో ఉండాలో అప్పటికే తప్పు పోలేదు. 1886లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ఎగ్జిబిషన్‌లో 'బ్రేకింగ్ క్యాంప్' అనే ఆయిల్ పెయింటింగ్ పెట్టారు. పొద్దున్నే బయల్దేరే వేళ గుర్రాలు ఎగిరి గంతులేస్తుంటే గుడారాల దగ్గర జరిగే గలాటా ఆ బొమ్మ.

పోస్టుకార్డు సైజు బొమ్మతో పేరొచ్చిందంటారు, నిజమేనా?

నిజం. 1886 వేసవిలో వానల్లేక గడ్డి ఎండిపోయింది. అసలే మైదానం మోయగలిగినదానికన్నా ఎక్కువ పశువుల్ని వదిలారు. దానిమీద ఆ చలికాలం మంచు తుఫాన్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మంచు గడ్డకట్టి పైన పెంకులా పేరుకుంటే, కాలితో తవ్వి మేత అందుకోవడం పశువుల వల్ల కాదు. మందలకు మందలే చచ్చిపోయాయి.

రస్సెల్ అప్పుడు ఓహెచ్ రాంచ్‌లో ఉన్నారు. హెలెనా ఊళ్లో ఉన్న యజమానుల్లో ఒకరైన లూయిస్ కౌఫ్‌మన్ మంద ఎలా ఉందో రాయమని ఉత్తరం పంపాడు. అక్కడ పని చూసే జెస్సీ ఫెల్ప్స్ జవాబు రాయడానికి కూర్చుంటే, పక్కనే రస్సెల్ ఒక చిన్న అట్టముక్క మీద వాటర్‌కలర్‌తో బొమ్మ వేశారు.

బొమ్మలో ఒకే ఒక్క ఆవు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మంచులో నాలుగు కాళ్లూ దగ్గరికి చేర్చి, తల దించుకుని, వీపు వంచి నిలబడి ఉంటుంది. పడుకుంటే లేవలేనని దానికి తెలిసినట్టే ఉంటుంది. కాస్త దూరంలో ఆకలిగొన్న జంతువులు తొందరపడకుండా కాచుక్కూర్చున్నాయి. ఆకాశం, నేల ఒకే రంగు. అది చూశాక ఇక ఉత్తరం అక్కర్లేదని ఫెల్ప్స్ బొమ్మనే పంపించాడు.

హెలెనాలో అది చేతులు మారుతూ అందరి కళ్లల్లో పడింది. తర్వాత కార్డులుగా అచ్చయింది. 'వెయిటింగ్ ఫర్ ఎ చినూక్' అనీ, 'లాస్ట్ ఆఫ్ ది 5,000' అనీ రెండు పేర్లు. చినూక్ అంటే రాకీ పర్వతాల మీంచి దిగే వెచ్చని గాలి, అది వీస్తే గంటల్లో మంచు కరుగుతుంది. పోయిన పశువుల లెక్కలు ఎన్ని పేజీలు రాసినా చెప్పలేనిది ఆ అట్టముక్క చెప్పింది. అప్పటికి రస్సెల్ వయసు ఇరవై మూడు కూడా నిండలేదు.

ఆదివాసులతో కలిసి బతికారా?

1888లో సరిహద్దు దాటి కెనడాలోని ఆల్బెర్టాకు వెళ్లి, బ్లాక్‌ఫుట్ సమూహంలోని బ్లడ్ తెగవాళ్ల శిబిరాలకు దగ్గర్లో కొన్ని నెలలు ఉన్నారు. చలికాలమంతా వాళ్ల గుడారాల్లోనే బతికాడన్న కథ తర్వాత చాలా పెద్దదైంది. పరిశోధకులు ఆ కథను బాగా తగ్గించారు. ఎన్నాళ్లున్నారన్నది పక్కన పెడితే, ఆ తర్వాత వేసిన బొమ్మల్లో మార్పు స్పష్టం. మైదాన తెగల సైగల భాష ఆయనకు వచ్చు. గుడారం తోలు ఎలా కుట్టారో, గుర్రానికి కట్టిన కర్రల మీద సామాను ఎలా మోసుకెళ్తారో, ఏ తెగ జుట్టు ఎలా ముడుస్తుందో ఊహించి వేయలేదు.

పూర్తికాలం చిత్రకారుడు ఎప్పుడయ్యారు?

1893లో. అప్పటికి మైదానాలకు కంచెలు పడ్డాయి, రైలు వచ్చింది, పాత రౌండప్‌లు చివరి దశకొచ్చాయి. గ్రేట్ ఫాల్స్‌లో స్నేహితులతో ఒక గదిలో ఉంటూ బొమ్మలు వేసేవారు. డబ్బు నిలిచేది కాదు. చాలా బొమ్మలు సెలూన్ల, అంటే అక్కడి మద్యం దుకాణాల, గోడలకెక్కాయి, కొన్ని ఊరికే ఇచ్చేసేవారు. చేయి అంత ధారాళం.

భార్య నాన్సీ లేకపోతే రస్సెల్ లేరంటారు. అంత మాట అనొచ్చా?

బొమ్మలు ఉండేవి, మనదాకా వచ్చేవి కావు అంటాను.

నాన్సీ కూపర్ కెంటకీలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. కాస్కేడ్ ఊళ్లో రాబర్ట్స్ అనే కుటుంబం ఇంట్లో పని చేసేవారు. 1895లో అక్కడే రస్సెల్ పరిచయమయ్యారు. 1896 సెప్టెంబర్ 9న పెళ్లి. ఆయనకు 32 ఏళ్లు, ఆమెకు 18. బేరం చేయడం రస్సెల్‌కి చచ్చేంత మొహమాటం. ఆ పని నాన్సీ తీసుకున్నారు. ఆయన అడగడానికి సిగ్గుపడే ధరకు ఎన్నో రెట్లు ఆమె ధైర్యంగా చెప్పేవారు, కొనేవాళ్లు ఇచ్చేవారు. పని వేళల్లో స్నేహితులు కబుర్లకొస్తే గుమ్మంలోనే ఆపేవారు. దాంతో సెలూన్ స్నేహితులకు ఆమె మీద కోపం ఉండేది. ఆ కోపం కొన్ని జీవిత చరిత్రల్లోకీ పాకింది, అది నాకు అన్యాయం అనిపిస్తుంది. పెద్దగా చదువుకోని ఆ అమ్మాయి న్యూయార్క్, లండన్ గ్యాలరీలవాళ్లతో నిలబడి మాట్లాడింది. 1911లో న్యూయార్క్‌లోని ఫాల్సమ్ గ్యాలరీలో, 1914లో లండన్‌లోని డోరే గ్యాలరీలో ప్రదర్శనలు జరిగాయంటే ఆ కష్టం చాలావరకు ఆమెదే.

1900లో గ్రేట్ ఫాల్స్‌లో ఇల్లు కట్టుకున్నారు. 1903లో ఇంటి పక్కనే టెలిఫోన్ స్తంభాల దుంగలతో స్టూడియో వేశారు. ఆ తర్వాత ముఖ్యమైన బొమ్మల్లో చాలా వాటికి ఆ దుంగల గదే పుట్టిల్లు. 1916లో జాక్ అనే పిల్లాణ్ణి దత్తత తీసుకున్నారు.

ఆయన శైలి ఎలా మారుతూ వచ్చింది?

పెద్ద మలుపు 1903-04 చలికాలం. నాన్సీ పట్టుబట్టి న్యూయార్క్ తీసుకెళ్లారు. ఆ ఊరి ఎత్తైన కట్టడాలు, జనం ఆయనకు అస్సలు నచ్చలేదు. కానీ జాన్ మార్చండ్, విల్ క్రాఫర్డ్ లాంటి పత్రికా చిత్రకారుల స్టూడియోలో చోటు దొరికింది. నలభై ఏళ్ల వయసులో, తనకన్నా సాంకేతికంగా ముందున్నవాళ్ల పక్కన కూర్చుని పని చూశారు. బొమ్మలో ఏది ముందుకు తేవాలి, ఏది వదిలేయాలి, నీడలో నలుపుకు బదులు ఏ రంగు వాడాలి లాంటివి అక్కడ పట్టుబడ్డాయి. కొన్నేళ్లకు ఫిలిప్ గుడ్విన్ అనే చిత్రకారుడు మోంటానా వచ్చి ఆయనతో కలిసి పని చేశాడు. ఆ స్నేహం వల్ల కూర్పు ఇంకా బిగిసింది.

1908లో వేసిన 'ఎ బ్రాంక్ టు బ్రేక్‌ఫాస్ట్' చూడండి. పొద్దున్నే మొరాయించిన గుర్రం ఎగురుకుంటూ నేరుగా వంట దగ్గరికొచ్చి పడింది. గిన్నెలు ఎగిరిపోతున్నాయి. వంటవాడి మొహంలో కోపం. తింటున్నవాళ్లు పళ్లేలు పట్టుకుని తప్పుకుంటున్నారు. అంత గందరగోళంలోనూ మన కన్ను తికమకపడదు, గుర్రం నుంచి వంటవాడికి, అక్కణ్ణుంచి నవ్వేవాళ్లకు వరుసగా వెళ్తుంది. ఇరవై ఏళ్ల క్రితం వేసిన 'బ్రేకింగ్ క్యాంప్'లోనూ ఇదే గలాటా ఉంది, కానీ అక్కడ కన్ను ఎక్కడా నిలవదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన ఎదుగుదల మొత్తం తెలిసిపోతుంది.

1910 తర్వాతి కాలాన్ని నేను శిఖరం అంటాను. 1914 నాటి 'వెన్ ది ల్యాండ్ బిలాంగ్డ్ టు గాడ్'లో ఒక్క మనిషి కూడా లేడు. నది దాటొచ్చిన అడవి దున్నల మంద గట్టెక్కి మన వైపు వస్తుంటుంది. తడి ఒళ్ల మీంచి ఆవిరి లేస్తుంటుంది. పక్కనే తోడేళ్లు. ఆయన మోంటానా వచ్చిన నాలుగైదేళ్లకే ఆ మందలు తుడిచిపెట్టుకుపోయాయి. చివరి కాలంలో రంగులు ఇంకా వేడెక్కాయి. సాయంత్రాలు ఊదా, నారింజ రంగుల్లోకి తిరిగాయి. కొందరు విమర్శకులకు అవి మరీ ఎక్కువనిపిస్తాయి. 1925 నాటి 'లాఫ్ కిల్స్ లోన్సమ్' చూశాక నేను ఆ మాట ఒప్పుకోలేను. చలిమంట చుట్టూ కౌబాయ్‌లు, ఆ వెలుగులో టోపీ వెనక్కి తోసుకుని నిలబడిన ఒక మనిషి. అది ఆయనే. అరవై దాటాక, తన ఇరవైల నాటి మంట దగ్గరికి తన్ను తాను పంపుకున్నారు.

శిల్పాలు కూడా చేశారా?

జేబులో ఎప్పుడూ మైనం ముద్ద ఉండేది. కబుర్లు చెబుతూనే, చేతివైపు చూడకుండా ఎలుగునో దున్ననో చేసి, మళ్లీ నలిపి జేబులో వేసుకునేవారు. 1904లో 'స్మోకింగ్ అప్' అనే గుర్రపు రౌతు బొమ్మ మొదటిసారి కంచులో పోత పోయించారు. పెయింటింగుల్లో గుర్రాలకు అంత నిండుదనం రావడానికి ఈ మైనమే కారణం. కొన్ని కూర్పులకు ముందుగా మైనంతో నమూనా చేసుకుని, వెలుతురు ఎటు పడుతుందో చూసుకునేవారు.

అన్నిటికన్నా పెద్ద బొమ్మ ఏది?

హెలెనాలో మోంటానా శాసనసభ గోడ మీదున్నది. 1911లో అప్పగించారు, 1912లో పూర్తయింది. 5,000 డాలర్ల పారితోషికం. దాదాపు 25 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు. అంత కాన్వాసు పట్టక దుంగల స్టూడియో పైకప్పు లేపాల్సి వచ్చింది. 1805లో పడమటి దారులు వెతుకుతూ వచ్చిన లూయిస్, క్లార్క్ దళం సేలిష్ తెగవాళ్లను రాస్ హోల్ అనే లోయ దగ్గర కలిసిన సందర్భం అది. ఇంకెవరైనా అయితే ఆ ఇద్దరు యాత్రికుల్ని నడిమధ్యన నిలబెట్టేవారు. రస్సెల్ వాళ్లను ఓ పక్కన చిన్నగా పెట్టి, మధ్యలో గుర్రాల మీద దూసుకొచ్చే సేలిష్ యోధుల్ని వేశారు. శాసనసభ్యులు కూర్చునే గదిలో, ఈ నేల ఎవరిదో రోజూ కనిపించేలా పెట్టారు. ఆయన పనుల్లో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఇదే.

రెమింగ్టన్‌కీ రస్సెల్‌కీ తేడా ఏమిటి?

ఫ్రెడరిక్ రెమింగ్టన్ 1861లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు, యేల్‌లో చదివారు, 1909లో చనిపోయారు. పశ్చిమానికి వచ్చి చూసి వెళ్లి, తూర్పున స్టూడియోలో బొమ్మలు వేసేవారు. చేయి తిరిగిన చిత్రకారుడు. చివర్లో వేసిన రాత్రి దృశ్యాలు అద్భుతం. కానీ ఆయన తరచుగా సైనికుడి పక్కన నిలబడి చూస్తారు. రస్సెల్ చాలాసార్లు ఎదుటి గట్టు మీదున్న ఆదివాసి పక్కన నిలబడి చూస్తారు. బండ్ల వరుస దూరంగా దుమ్ములో కనిపిస్తుంటుంది, మనం ఉన్నది మాత్రం దాన్ని గమనిస్తున్నవాళ్ల మధ్య.

ఆదివాసుల్ని ఆయన చూపించిన తీరు సరైనదేనా?

మంచి ప్రశ్న. గౌరవం ఉంది, వివరాల్లో నిజాయితీ ఉంది. బొమ్మలతో ఆగలేదు కూడా. ఊరి శివార్లలో నిలువ నీడ లేకుండా తిరుగుతున్న చిప్పెవా, క్రీ కుటుంబాలకు భూమి ఇవ్వాలని ఫ్రాంక్ లిండర్‌మన్ లాంటి మిత్రులతో కలిసి గొంతెత్తారు. 1916లో వాళ్లకు రాకీ బాయ్ రిజర్వేషన్, అంటే ఆదివాసులకు కేటాయించిన భూభాగం, ఏర్పడింది. ఒక విందులో తనను పయనీర్ (కొత్త నేలకు ముందుగా వచ్చి స్థిరపడినవాడు) అని పొగిడితే ఆయనకు ఒళ్లు మండింది. గడ్డిని తిరగేసి, నీళ్లను పాడుచేసి, నేల సొంతదారును చంపి, దాన్ని ప్రగతి అన్నవాడే పయనీర్ అనే అర్థంలో సభలోనే మొహంమీద చెప్పారని అంటారు.

అయినా ఒక లోటు ఉంది. ఆయన ప్రదర్శనలకు పెట్టిన పేరు 'ది వెస్ట్ దట్ హాజ్ పాస్డ్', అంటే గడిచిపోయిన పశ్చిమం. బొమ్మల్లోని ఆదివాసులు ఎప్పుడూ పాతకాలపు వైభవంలోనే ఉంటారు. రిజర్వేషన్‌లో ఆకలితో, కొత్త బడులతో, కొత్త చట్టాలతో పెనుగులాడుతూ అప్పుడు బతుకుతున్నవాళ్లు చాలా తక్కువగా కనిపిస్తారు. వాళ్లు గడిచిపోలేదు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. రస్సెల్ బొమ్మలతో పాటు ఇవాళ్టి బ్లాక్‌ఫీట్, క్రో చిత్రకారుల పని కూడా చూడాలి.

ఆయన ఉత్తరాలు కూడా ప్రసిద్ధమట?

అవును. స్నేహితులకు రాసిన ఉత్తరాల్లో సగం బొమ్మలే. స్పెల్లింగు అంతా తప్పులతడక, మాట మాత్రం మనిషి ఎదురుగా కూర్చుని చెప్పినట్టుంటుంది. చాలామంది వాటిని దాచుకున్నారు.

చివరి రోజులు ఎలా గడిచాయి?

1920 తర్వాత చలికాలాలు కాలిఫోర్నియాలో గడిపేవారు. విల్ రోజర్స్, విలియం ఎస్. హార్ట్ లాంటి సినిమావాళ్లు స్నేహితులు. బొమ్మల ధరలు వేల డాలర్లకు చేరాయి. అవి చచ్చినవాళ్లకు ఇచ్చే ధరలని ఆయన అనేవారు. ఒంట్లో మాత్రం సత్తువ తగ్గింది. 1926లో మేయో క్లినిక్‌లో గొంతు దగ్గర గాయిటర్‌కు (థైరాయిడ్ వాపుకు) ఆపరేషన్ అయింది. గుండె అప్పటికే బలహీనపడింది. ఆ అక్టోబర్‌లో ఇంట్లోనే గుండెపోటుతో పోయారు.

కార్లంటే ఆయనకు ఒళ్లుమంట. అందుకే ఊరివాళ్లు గుర్రపు బండిలోనే ఆయన్ను సాగనంపారు. వెనక రౌతు లేని గుర్రం నడిచింది. పిల్లలు చూడాలని బడులకు సెలవిచ్చారు.

ఇప్పుడు ఆయన బొమ్మల ధర ఎంత?

'పీగన్స్' అనే పెయింటింగ్ 2005లో వేలంలో 56 లక్షల డాలర్లకు పోయింది. సంతకం పక్కన అడవి దున్న పుర్రె గుర్తు ఉంటుంది. ఆ గుర్తును కాపీ కొట్టినవాళ్లూ ఉన్నారు, కాబట్టి అది ఒక్కటే చూసి నమ్మకూడదు.

ఆ సంప్రదాయం ఇంకా ఉందా?

ఉంది. 1965లో అరిజోనాలోని సెడోనాలో జో బీలర్, చార్లీ డై, జాన్ హాంప్టన్, జార్జ్ ఫిపెన్ కలిసి కౌబాయ్ ఆర్టిస్ట్స్ ఆఫ్ అమెరికా అనే సంఘం పెట్టారు. రస్సెల్, రెమింగ్టన్ దారిని కొనసాగించడమే దాని ఆశయం.

అసలు బొమ్మలు ఎక్కడ చూడొచ్చు?

డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలు అదృష్టవంతులు. ఫోర్ట్ వర్త్‌లో ఏమన్ కార్టర్ మ్యూజియం ఉంది, రస్సెల్, రెమింగ్టన్ బొమ్మల సేకరణతో మొదలైందే అది. గ్రేట్ ఫాల్స్‌లోని మింట్ అనే సెలూన్ గోడల మీదున్న బొమ్మలు 1952లో కొని తెచ్చినవి ఇక్కడే ఉన్నాయి. ఫోర్ట్ వర్త్ డౌన్‌టౌన్‌లో సిడ్ రిచర్డ్‌సన్ మ్యూజియం కూడా ఉంది. రెండింటికీ టికెట్ లేదు. పిల్లల్ని తీసుకెళ్తే ముందు గుర్రాల కాళ్లు చూడమనండి. ఒక్కో కాలు ఏ క్షణంలో ఎక్కడుందో ఆయన ఎంత పట్టుకున్నారో వాళ్లే చెబుతారు.

గ్లేసియర్ నేషనల్ పార్క్‌కి వెళ్లేవాళ్లు ఒక రోజు కలుపుకుంటే గ్రేట్ ఫాల్స్‌లో ఆయన ఇల్లు, దుంగల స్టూడియో, మ్యూజియం మూడూ ఒకే ఆవరణలో చూడొచ్చు. హెలెనా దాకా వెళ్తే శాసనసభ గోడ మీది పెద్ద బొమ్మతో పాటు, రాష్ట్ర చారిత్రక సంఘం సేకరణలో ఉన్న 'వెన్ ది ల్యాండ్ బిలాంగ్డ్ టు గాడ్', 'లాఫ్ కిల్స్ లోన్సమ్' గురించి కూడా అడగండి. ఏవి ఎప్పుడు గోడమీద ఉంటాయో మారుతుంటుంది కాబట్టి బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.